ఏం సరిపడలేదో రాయాలె

కోర్టుకు పోతే ఏండ్లు వడ్తదని
వకీలు చెప్పకముందే మా మేనమామ చెప్పిండు.
ఆయన గట్టు పంచాది ఇంకా నడుస్తనే ఉన్నది,
గట్టు మీద నాటిన టేకు కోతకొచ్చింది.

అందుకే ఈ గది.
నల్లగొండ కలెక్టరాఫీసు వెనుక, మెట్లెక్కి ఎడమకు.
నల్ల కోట్లు లేవు, బోను లేదు,
ఒక గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు,
ఒక కుర్చీకి కాలు పొట్టి,
దాని కింద మడిచి పెట్టిన ఎవరిదో పాత దరఖాస్తు.

మధ్యల ఖుర్షీద్ మేడం.
ముప్పై ఏండ్లు చండూర్ల లెక్కలు చెప్పి రిటైరయ్యింది.
"ఇక్కడ గెలుసుడు లేదు బిడ్డా, తేల్చుకునుడే" అన్నది.

ఎదురుంగ బట్టల షోరూం మనిషి, ఫణీంద్ర సారు.
చేతిల ఫైలు, ఫైల్ల నేను:
మారుపాక అండాలు, బీకాం, ట్యాలీ వచ్చు,
మర్రిగూడ మండలం.
చివర ఎర్ర సిరాతో ఒక్క మాట,
సరిపడదు.

ఏం సరిపడదు?
బిల్లింగు మిషను మీద నా వేళ్ళు
అందరికంటే ముందు పని ముగించినయి.
పైస తేడా రాలే.
అప్పుడు సారు "ఒకసారి నవ్వు అమ్మా" అన్నడు.
నవ్విన.
ఇగ అంతే.

నా పండ్ల మీది గోధుమరంగు గీతలు
నేను గీసుకున్నయి కావు.
పాలపండ్లు ఊడి కొత్తయి మొలిసేటప్పుడు
బిందెకింత బిందెకింత
మా బోరు రాసుకుంటవోయింది,
భూమి కింద ఏమున్నదో.
మా నాయిన పక్కకు చూడాలంటే మనిషంత తిరగాలె.
నాకు పండ్లతోనే పోయింది.
నల్లా నీళ్ళు తర్వాత వచ్చినయి.
మొలిసిన పండ్లు మళ్ళ మొలువయి గదా.

మొదటి వాయిదాల సారు, అట్లాంటిదేం లేదన్నడు.
రెండో నాడు, పట్టుచీరెల కౌంటరు మేడం, కస్టమర్లు చూస్తరన్నడు.
మూడోనాడు పదివేలన్నడు,
ఫిర్యాదు వాపసు తీసుకుంటే.

మేడం పదివేలను కాగితం మీద రాసి
నా దిక్కు తిప్పింది.
కొట్టేసిన్ననుకునేరు, కొట్టేయలే.
పదివేలు మా ఇంట్ల చిన్నది కాదు.
దాని కింద ఒక లైను రాసిన:
ఏం సరిపడలేదో రాయాలె.

గంటంబావు ఆ లైను మీదనే.
"అభ్యర్థి రూపం" అన్నడు, వద్దన్న.
"వ్యక్తిత్వ ప్రదర్శన" అన్నడు,
మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది.
కరెంటు పోయింది. చాయ్ వచ్చింది.
సారు తాగుతుంటే చూసిన,
కింది పెదవి ముందుకు జరిపి
పండ్లు కనపడకుంట తాగుడు.
ఆ తాగుడు నాకు తెలుసు.
ఫోటోకు నిలవడ్డప్పుడు
మా తరగతి మొత్తం నేర్చుకున్న విద్య అది.
మీదే ఊరు సారూ, అని అడుగుదామనుకున్న.
అడగలే.

ఆఖరికి ఆయనే రాసిండు, ఆయన పెన్నుతోనే:
"పండ్ల మీది మరకలు చూసి ఉద్యోగం ఇయ్యలేదు. అది తప్పు."
ఆ రెండో మాట ఎవరూ అడగలే.

మిగతావి తొందరగనే అయినయి.
ఇంటర్వ్యూల నవ్వుమని అడగొద్దు.
వద్దంటే ఎందుకు వద్దో రాసియ్యాలె.
నాకంటే ముందు తిప్పి పంపిన
చింతపల్లి పిల్లలిద్దరిని మళ్ళ పిలవాలె.
పదివేలు, అవి కూడా.
కొలువు పదిహేనో తారీఖు నుంచి, ఇష్టముంటే.

ఇష్టమున్నదో లేదో ఇంకా తేలలే.
బస్సుల కిటికీ పక్కన కూసొని
కాగితం తీసి మళ్ళ చదివిన.
అద్దంల నా మొహం,
దాని మీదికెళ్ళి ఉరుకుతున్న బత్తాయి తోటలు.
కండక్టరు ఆధార్ అడిగిండు.
అందుల మూతి బిగవట్టుకున్న ఫోటో.
"గింత కోపమేందమ్మా సర్కారు మీద" అన్నడు.
నవ్వొచ్చింది.
చెయ్యి అడ్డం పోయింది, దానంతటదే.
చండూరు దాటేదాక దించలే.